బొగ్గు బురదలో పదకొండు వానాకాలాలు: నా సైకిల్ రిమ్ముల లెక్క

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వైజాగ్‌ను ఊడ్చేసింది. ఆ తర్వాత కొన్నాళ్ళు పెట్రోలు బంకుల దగ్గర క్యూలు చూసినవాళ్ళకు గుర్తుండే ఉంటుంది. ఆ క్యూలో నిలబడలేక మా నాన్నగారి నల్ల సైకిల్ మీద గుడ్డ తీశాను. అలా మొదలైన సైకిల్ ప్రయాణం ఇంకా ఆగలేదు. పెదవాల్తేరు నుంచి సిరిపురం, జగదాంబ, కాన్వెంట్ జంక్షన్ మీదుగా పోర్టు వైపు మా ఆఫీసుకు రానూ పోనూ పదమూడు కిలోమీటర్లు. వానొచ్చినా అంతే, ఎండొచ్చినా అంతే.

దారి గురించి ముందే ఎందుకు చెప్తున్నానంటే, రిమ్ము ఎన్నాళ్ళు మన్నుతుందో తేల్చేది దారే. నా దారికి ఒక పక్క ఉప్పుగాలి, చివర్లో బొగ్గు లారీలు తిరిగే రోడ్డు. వానలో ఆ బొగ్గు పొడి, ఇసుక, నీళ్ళు కలిసి గచ్చు రుద్దే సానరాయి పిండిలా తయారవుతాయి. అది బ్రేకు రబ్బరుకీ రిమ్ముకీ మధ్య చేరుతుంది. ఇక మనం బ్రేకు నొక్కిన ప్రతిసారీ రిమ్మును మన చేత్తో మనమే అరగదీసుకుంటున్నట్టు.

నాన్నగారి సైకిల్‌ది ఇనుప రిమ్ము, నికెల్ మెరుపు, రాడ్ బ్రేకులు. ముందు చక్రానికి 32 పుల్లలు (స్పోకులు), వెనక 40. బలంలో దానికి సాటి లేదు. బియ్యం బస్తా వేసి తొక్కినా, గోతిలో పడినా చలించేది కాదు. సొట్ట పడితే మెకానిక్ సుత్తితో నాలుగు దెబ్బలేసి సరిచేసేవాడు. చచ్చిన చావంతా వానలోనే. తడిసిన నికెల్ మీద రబ్బరు పట్టదు. జారిపోతుంది, అంతే. 2015 జూలైలో సిరిపురం నుంచి ఆశీల్‌మెట్టకు దిగుతున్నాను. సంపత్ వినాయగర్ గుడి దగ్గర ఎవరో కొత్త కారు పూజకు తెచ్చి, టైర్ల కింద నిమ్మకాయలు పెడుతున్నారు. రెండు బ్రేకులూ పట్టాను. సైకిల్‌కు ఆ సంగతే తెలియనట్టు పోతోంది. చెప్పు అరిగేలా కాలు రాపాడించి, ఆ కారు బంపరుకు జానెడు దూరంలో ఆగాను. పూజారిగారు నా వైపు చూసి, కొబ్బరికాయ కొట్టడం ఒక్క క్షణం ఆపారు.

బ్రేకులు బిగిస్తే సరిపోతుందనుకున్నాను. బిగించి చూశాను, కొత్త రబ్బర్లు వేసి చూశాను. పొడిగా ఉన్నప్పుడు బాగానే పట్టేది, తడిస్తే మళ్ళీ అదే తంతు. రెండో ఏడాదికి ఉప్పుగాలికి నికెల్ పొట్టు లేచి, కింద తుప్పు మొదలైంది. ఇప్పటికీ చవక సైకిళ్ళు, పిల్లల సైకిళ్ళు మెరిసే ఇనుప రిమ్ములతోనే వస్తున్నాయి. కొట్టు లైట్ల కింద అల్లాయ్ (అల్యూమినియం మిశ్రమం) రిమ్ముల కంటే అవే అందంగా కనిపిస్తాయి కూడా. వానాకాలంలో తొక్కాలనుకుంటే మాత్రం వాటి జోలికి పోవద్దు. నా మాట ఇంత గట్టిగా చెప్పేది ఈ ఒక్క విషయంలోనే.

2016లో హైబ్రిడ్ సైకిల్ కొన్నాను. 700సీ కొలత చక్రాలు, రిమ్మును రెండు పక్కల నుంచీ నొక్కే వీ-బ్రేకులు, సింగిల్ వాల్ అల్లాయ్ రిమ్ములు. తడిలో బ్రేకు పట్టడంలో నేలకూ నింగికీ ఉన్నంత తేడా. అల్లాయ్ అయినా తడి రిమ్ము మీద మొదటి ఒకటి రెండు చుట్లు పట్టు ఉండదు, నీటి పొర తుడుచుకుపోవాలి. అందుకే ఆగాల్సిన చోటికి కాస్త ముందే మెల్లగా నొక్కి పెట్టడం అలవాటు చేసుకున్నాను. కానీ సింగిల్ వాల్ అంటే ఒక్క పొర రేకు వంచి చేసినట్టే. నీళ్ళు నిండిన గోతి ఎంత లోతో పడితే గానీ తెలియదు కదా. ఒక్క వానాకాలంలో వెనక చక్రానికి మూడుసార్లు బెండు తీయించాను. దానికి తోడు పుల్లల నిపుల్ (పుల్ల చివర బిగించే చిన్న నట్టు) తలలు ట్యూబు కిందే ఉంటాయి. మధ్యలో ఉన్న రబ్బరు పట్టీ జరిగితే లోపలి నుంచే పంక్చరు. మా కాంప్లెక్సు దగ్గర మెకానిక్ మూడోసారి చూసి, "ఏటి మాస్టారూ, ఇది రిమ్మా, నూనె డబ్బా రేకా?" అన్నాడు. ఆ రిమ్ము ఖాతా అక్కడితో మూసేశాను.

2018 జూలైలో డబుల్ వాల్ వేయించాను. దీని లోపల పెట్టెలా రెండు పొరలుంటాయి. నిపుల్ లోపలి పొరలో కూర్చుంటుంది, ట్యూబు పై పొర మీద ఉంటుంది. గోతుల దెబ్బ తట్టుకుంటుంది. బెండు తీయించే పని ఏడాదికి ఒకసారికి తగ్గింది. ఇక జీవితానికి ఇదే చాలనుకున్నాను. నా తెలివి అంతే.

2021 ఏప్రిల్‌లో ఒక రాత్రి పదిన్నరకు వరండాలో టపాకాయ పేలినంత చప్పుడు. ఇంట్లో అందరూ లేచారు. చూస్తే సైకిల్ వెనక చక్రం. సాయంత్రమే 65 పీఎస్ఐ ఒత్తిడికి గాలి కొట్టి గోడకు ఆనించాను. రిమ్ము పక్క గోడ జానెడు పొడుగున చీలి బయటికి విచ్చుకుంది, ట్యూబు ముక్కలైంది. అదే వాలులో దిగుతుండగా జరిగి ఉంటే అన్న ఆలోచనతో ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మర్నాడు ఆఫీసు వర్క్‌షాప్‌లో ఆ రిమ్మును రంపంతో కోసి, సన్నని మందాలు కొలిచే వెర్నియర్‌తో కొలిపించాను. బ్రేకు రాపిడి తగిలే చోట గోడ మందం 0.7 మిల్లీమీటర్లు. అదే రకం కొత్త రిమ్ముకు 1.5 ఉంది. సుమారు తొమ్మిది వేల కిలోమీటర్లలో సగానికి పైగా అరిగిపోయిందన్నమాట. ముందు రిమ్ము అంతగా అరగలేదు. వెనకది ఎందుకు ముందు పోయిందంటే, ముందు చక్రం చిమ్మే బురదంతా దాని మీదే పడుతుంది, పైగా నాకు వెనక బ్రేకే ఎక్కువ పట్టే పాడలవాటు. నిజానికి ఆ రిమ్ము పక్కన సన్నని గాడి ఒకటి ఉండేది. అది అలంకారం కాదు, అరుగుదల గుర్తు. గాడి మాయమైతే రిమ్ము మార్చాలి. అది ఎప్పుడు మాయమైందో నేను చూడనే లేదు. అమ్మిన కొట్టువాడూ చెప్పలేదు, ఆ తర్వాత ఎందరు మెకానిక్‌లు చక్రం విప్పినా ఒక్కరూ చెప్పలేదు.

అప్పటి నుంచి రిమ్మును నేను టైరుతో, బ్రేకు రబ్బరుతో కలిపి లెక్కేస్తున్నాను. అదీ అరిగిపోయే సరుకే. తడిలో రిమ్ము మీద బ్రేకు వేస్తూ ఎప్పటికీ మన్నే రిమ్ము కావాలంటే దొరకదు. ఇప్పుడున్నది మళ్ళీ డబుల్ వాలే, వెనక 36 పుల్లలు, గాడి ఉన్న రకం. ఖరీదైనది కొనలేదు. వేయించేటప్పుడు మాత్రం రెండు విషయాల్లో పట్టుబట్టాను. పుల్లలు స్టెయిన్‌లెస్ స్టీలువి, 2 మిల్లీమీటర్లవి. నిపుల్స్ ఇత్తడివి. అంతకుముందు మామూలు జింకు పూత పుల్లలు ఉప్పుగాలికి నిపుల్‌లోనే తుప్పు పట్టి బిగుసుకుపోయేవి. బెండు తీయడానికి తిప్పితే పుల్లే తెగేది. అల్యూమినియం నిపుల్స్ తేలిక, రంగులు కూడా ఉంటాయి, సముద్రం పక్కన మాత్రం తెల్లటి పొడి రాలుస్తూ పోతాయి. పుల్లలు ఎక్కించే ముందు వాటి మర చుట్ల మీద కాస్త గ్రీజు రాయమంటే మా మెకానిక్ నవ్వాడు. నాలుగేళ్ళ తర్వాత నిపుల్స్ వేళ్ళతో తిప్పినంత సులువుగా తిరుగుతుంటే ఇప్పుడు అందరికీ ఆయనే గ్రీజు రాస్తున్నాడు.

బ్రేకు రబ్బర్లు కూల్-స్టాప్ వాళ్ళ శాల్మన్ రంగువి తెప్పించుకున్నాను. తడి కోసమే చేసిన మిశ్రమం అది. ధర వింటే మా ఆవిడకు చెప్పాలనిపించలేదు, కానీ తడిలో పట్టు తెలుస్తుంది. మామూలు నల్ల రబ్బర్లలో అల్యూమినియం రజను గుచ్చుకుని మెరుస్తూ ఉంటుంది. ఆ రజనే రిమ్మును ఇంకా గీస్తుంది. వానలో తిరిగొచ్చిన రాత్రి ఒక సీసా నీళ్ళు రిమ్ముల మీద పోసి పాత బనీనుతో తుడుస్తాను. ఆదివారం పిన్నీసుతో రబ్బర్లలోని రాళ్ళూ రజనూ పీకుతాను. అయిదు నిమిషాల పని. పాత రిమ్ము తొమ్మిది వేల కిలోమీటర్లకు పేలింది. ఇది పద్నాలుగు వేలు దాటి నడుస్తోంది.

రిమ్మును కాకుండా చక్రం మధ్యలోని పళ్ళేన్ని పట్టే డిస్క్ బ్రేకులు పెట్టించుకోవచ్చు కదా అని అడుగుతారు. మా తమ్ముడి సైకిల్‌కు 2022 నుంచి మెకానికల్ డిస్కులే. వాడి రిమ్ములు ఇవాళ్టికీ కొత్తవాటిలా ఉన్నాయి, వాటి మీద రాపిడే లేదు మరి. బీచ్ దగ్గర ఇల్లు కావడంతో రాత్రికి రాత్రే డిస్కు మీద ఎర్ర పొర వస్తుంది. పొద్దున మొదటి రెండు బ్రేకులకు వీధి కుక్కలు లేచేంత కూత పెట్టి అది పోతుంది. బురదలో ప్యాడ్లు నా రబ్బర్ల కంటే త్వరగా అయిపోతున్నాయి. అయినా కొత్తగా కొనేవాళ్ళయితే, వానలో రోజూ తొక్కేవాళ్ళయితే, డిస్కే తీసుకోమంటాను. ఉన్న సైకిల్‌ను మార్చాలంటే ఫోర్కు, హబ్బులు, ఫ్రేముకు బ్రేకు బిగించే ఆధారాలు అన్నీ చూడాలి. ఆ డబ్బుతో నాకు జీవితకాలానికి సరిపడా రిమ్ములొస్తాయి. నెదర్లాండ్స్‌లో చాలా ఊరి సైకిళ్ళకు బ్రేకు హబ్బు లోపలే దాగి ఉంటుంది, వానా బురదా తగలవు. నా మనసు దాని మీదే ఉంది గానీ ఇక్కడి కొట్లలో అడిగితే వింతగా చూస్తున్నారు.

ఈ మధ్య నెలకోసారి పాత ఏటీఎం కార్డు అంచు రిమ్ము పక్కన ఆనించి, వెనక టార్చి పెట్టి చూస్తున్నాను. గోడ లోపలికి పల్లం పడి ఉంటే కార్డు కింద వెలుతురు కనిపిస్తుంది. ముందుదానికి గాడి ఇంకా సగం ఉంది. వెనకదానికి వాల్వు పక్కన రెండు అంగుళాల మేర గాడి పోయింది, కార్డు కింద వెంట్రుకంత వెలుతురు వస్తోంది. కొత్త రిమ్ము తెచ్చి పడగ్గది తలుపు వెనక మేకుకు తగిలించాను. అక్టోబరు తుపాన్ల కంటే ముందే ఎక్కించాలి. మెకానిక్ దసరా వెళ్ళాక రమ్మన్నాడు. అంతదాకా గాలి 50 దాటనివ్వడం లేదు.