బండి ఉలకదు పలకదు: అప్పుడు నేను తీసే బ్రేకౌట్ బాక్స్

బండిలోని లోపాల కోడ్లు చదివే స్కానర్ పెట్టగానే "కమ్యూనికేషన్ ఎర్రర్" అని వస్తే ముందు మాడ్యూల్ (బండిలోని కంప్యూటర్ పెట్టె) మీదే అనుమానపడటం నాకు చాలాకాలం అలవాటు. అలాగే ఒక బండికి ఇంజిన్ కంప్యూటర్ మార్పించాను. వారం తిరక్కుండా మళ్లీ అదే ఎర్రర్. విప్పుకుంటూ పోతే సీటు పట్టాల కింద, మాడ్యూళ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే క్యాన్ వైరు నలిగి, లోపల రాగి తెగి ఉంది. ఆ ఓనరు చేత అనవసరంగా పెట్టించిన ఖర్చు తలుచుకుంటే ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది. ఆ తర్వాతే ఈ ఓబీడీ (స్కానర్ తగిలించే సాకెట్) బ్రేకౌట్ బాక్స్ కొన్నాను. మూడేళ్లుగా వాడుతున్నాను.

చిన్న పెట్టె. దీని కేబుల్ స్టీరింగ్ కింది 16 పిన్నుల సాకెట్లోకి వెళుతుంది, రెండో వైపు స్కానర్ తగిలించుకోవాలి. పైన ఒక్కో పిన్నుకు ఒక్కో రంధ్రం, మీటరు ప్రోబు నేరుగా దిగుతుంది. స్కానర్ పనిచేస్తుండగానే వోల్టేజీ చూడొచ్చు. అంతకంటే పెద్ద మేలు ఇంకోటుంది. బండి సాకెట్లో ప్రోబు గుచ్చితే లోపలి టెర్మినల్ వెడల్పైపోతుంది, తర్వాత స్కానర్ పిన్ను వదులుగా ఆడుతుంది. లేని జబ్బు మనమే తెచ్చినట్టు. ఈ పెట్టెతో ఆ బాధ లేదు.

ముందు 16వ పిన్నులో బ్యాటరీ కరెంటు, 4, 5 పిన్నుల్లో ఎర్త్ చూస్తాను. 16లో ఏమీ లేకపోతే ఫ్యూజు వెతకాలి. కొన్ని బండ్లలో సిగరెట్ లైటరుకీ దీనికీ ఒకటే ఫ్యూజు, అక్కడ ఛార్జర్ పెట్టి కాల్చేసుకుంటారు.

అసలు పని క్యాన్ లైను రెండు వైర్లూ వచ్చే 6, 14 పిన్నుల దగ్గర. బ్యాటరీ తీగ విప్పి ఈ రెంటి మధ్య ఓమ్స్ కొలిస్తే మామూలుగా 60 దగ్గర రావాలి. లైనుకు రెండు కొసల్లోనూ 120 ఓమ్స్ రెసిస్టర్లు ఉంటాయి, రెండూ పక్కపక్కన పనిచేస్తే 60. మీటరు 120 చూపిందంటే ఒక కొస తెగినట్టే. సున్నాకు దగ్గరగా ఉంటే రెండు వైర్లూ ఒకదానికొకటి తగిలాయి. మాడ్యూళ్ల కప్లర్లు (వైర్లు తగిలించే ప్లగ్గులు) ఒక్కొక్కటే పీకుతూ రీడింగు ఎక్కడ మారుతుందో చూస్తాను. ఈమధ్య ఒక బండిలో యూ0121, అంటే ఏబీఎస్ (బ్రేకుల మాడ్యూల్)తో మాట కుదరడం లేదని కోడ్. ఈ పెట్టెలో 120 వచ్చింది. ఏబీఎస్ కప్లర్ విప్పితే నీళ్లు దిగి పిన్నులు పచ్చగా చిలుము పట్టి ఉన్నాయి. శుభ్రం చేశాక 60. మాడ్యూల్ కొనకుండానే బండి వెళ్లిపోయింది. ఆ రోజు నాకు కలిగిన తృప్తి ఇంతా అంతా కాదు.

గేట్‌వే, అంటే సాకెట్‌కీ లోపలి లైన్లకూ మధ్య ఉండే మాడ్యూల్, ఉన్న కొత్త బండ్లలో మాత్రం జాగ్రత్త. అక్కడ 6, 14 గేట్‌వే దాకానే పోతాయి, దాని అవతలి లైన్ల సంగతి ఈ సాకెట్లో కనబడదు. అవి ఆ మాడ్యూల్ దగ్గరే కొలవాలి.

ఈ పెట్టెలో నాకు నచ్చనివి పిన్నులకు పెట్టిన చిన్న దీపాలు. ఒకసారి ఎర్త్ దీపం నిండుగా వెలిగింది, స్కానరేమో ఆన్ అవుతూ ఆరిపోతూ ఉంది. దీపానికి కొద్ది మిల్లీ ఆంపియర్లు చాలు, స్కానరుకు చాలవు. స్కానర్ తగిలించి ఉండగా 4వ పిన్నుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య కొలిస్తే 2 వోల్టులు పైనే పోతోంది. బాడీ ఎర్త్ బోల్టు తుప్పు. 6, 14 దగ్గర మిణుకుమనే దీపాలూ అంతే: లైనులో ఏదో కదులుతోందని చెబుతాయి, సిగ్నల్ మంచిదో కాదో చెప్పవు.

కొనేవాళ్లు ముందు బాక్సును ఒంటరిగా పరీక్షించండి. దేనికీ తగిలించకుండా 6, 14 మధ్య కొలిస్తే మీటరు ఓపెన్ (అంటే రెంటి మధ్య దారే లేనట్టు) చూపాలి. లోపలి దీపాల సర్క్యూట్ అక్కడ ఏదైనా విలువ చూపిందంటే మీ 60 లెక్క తప్పుతుంది. నాది ఓపెనే చూపింది.

కేబుల్ మూరెడు కూడా లేదు, డ్యాష్ కింద తల దూర్చి పడుకోవాల్సిందే. రంధ్రాల పక్కన నంబర్లు ఏడాదికే చెరిగిపోయాయి. 6 దగ్గర పసుపు, 14 దగ్గర ఆకుపచ్చ చుక్క నేనే పెయింటుతో పెట్టుకున్నాను.