ఆరడుగుల నవారు పట్టీ: పదకొండు నెలల వాడకం తరువాత

పటమటలోని మా ఇంటి నుంచి పటమటలంక వైపు బందరు కాలువ గట్టు దాకా, రెండు పూటలా మా కుక్క చిట్టిని నడిపించే పని పదకొండు నెలలుగా ఒకే పట్టీతో సాగుతోంది. విజయవాడ వన్‌టౌన్‌లో తాళ్లు, నవారు, గోతాం పట్టాలు అమ్మే ఒక పాత దుకాణంలో 420 రూపాయలకు కుట్టించుకున్న ఆరడుగుల నూలు నవారు పట్టీ అది. ఒక చివర ఇత్తడి కొక్కెం, మరో చివర చెయ్యి దూర్చే మడత, అంతకు మించి దానికి ఏ హంగూ లేదు. చిట్టి నాలుగేళ్ల లాబ్రడార్, బరువు 28 కిలోలు. దానిని పొద్దున నేను, సాయంత్రం అరవై ఎనిమిదేళ్ల మా అమ్మ నడిపిస్తాం. అమ్మ మాట ముందే ఎత్తడానికి కారణం ఉంది: అంతకు ముందు కొన్న మూడు పట్టీలనూ నేను కుక్కను చూసి కొన్నాను, ఈ నాలుగోదానిని మాత్రం అమ్మ చేతిని చూసి కొన్నాను.

ఆ మూడింటి సంగతి కొంత చెప్పాలి, ఎందుకంటే మన ఊళ్లో కుక్కను పెంచే ఇళ్లలో ఎక్కువగా కనిపించేవి అవే. మొదటిది ఇనుప గొలుసు. కుక్క కొరికినా తెగదన్న ఒక్క గుణం తప్ప నడకకు పనికివచ్చే లక్షణం దానిలో ఏదీ నాకు కనిపించలేదు. దాని బరువంతా మెడ మీద వేలాడుతుంది, కొరికే అలవాటున్న కుక్కకు పళ్లు అరుగుతాయి, గట్టిగా లాగినప్పుడు పట్టుకున్న వేళ్ల చర్మం కడియాల మధ్య నలుగుతుంది. కట్టివేయడానికి కొన్న వస్తువుతో నడిపించాలనుకోవడమే పొరపాటు. కట్టివేయడానికైనా దానికి హద్దు ఉంది: జంతువును అకారణంగా ఎక్కువసేపు, మరీ పొట్టి గొలుసుతోనో మరీ బరువైన గొలుసుతోనో కట్టి ఉంచడాన్ని జంతు హింస నివారణ చట్టం, 1960, 11వ సెక్షనులోనే క్రూరత్వంగా లెక్కించింది.

రెండవది, చేతిలో ప్లాస్టిక్ పెట్టె ఉండి, దానిలోని స్ప్రింగు చుట్టలోంచి సన్నని తాడు అయిదు మీటర్ల దాకా సాగే రకం. జనసంచారం లేని విశాలమైన మైదానంలో, పిలిస్తే వెనక్కు వచ్చే కుక్కకు అది బాగానే ఉంటుందేమో గాని, స్కూటర్లూ ఆటోలూ ఒరుసుకుంటూ పోయే మా వీధిలో కుక్క అయిదు మీటర్ల దూరంలో ఉండడమంటే మనం ఈ గోడ పక్కన, అది ఆ గోడ పక్కన, తాడు నడిరోడ్డున ఉండడమే. ఇంకొక చిక్కు నిదానంగా తెలుస్తుంది. స్ప్రింగు ఎప్పుడూ కొద్దిగా వెనక్కు గుంజుతూనే ఉంటుంది కనుక, ముందుకు లాగితేనే తాడు దొరుకుతుందని కుక్క నేర్చుకుంటుంది, అలా నేర్చిన దానిని మాన్పించడానికి నాకు మూడు నెలలు పట్టింది. ఒక సాయంత్రం కోడిమాంసం కొట్టు ముందు వీధికుక్కను చూసి చిట్టి దూకినప్పుడు, తాడును ఆపే మీట నొక్కడం తోచని కంగారులో అమ్మ ఆ సన్నని తాడునే చేత్తో పట్టుకుంది. నాలుగు వేళ్లకూ అడ్డంగా చర్మం తెగింది. పెట్టె చేయి జారి రోడ్డు మీద దడదడమంటూ వెంటపడేసరికి చిట్టి బెదిరి ఇంకా వేగంగా పరుగెత్తింది. ఆ పెట్టె మీద 50 కిలోల కుక్కల వరకు అని రాసి ఉంది. కుక్క బరువుకు సరిపడే పట్టీ అన్నంత మాత్రాన పట్టుకునే మనిషికీ సరిపడుతుందని అనుకోకూడదని అమ్మ వేళ్లకు కట్టు కడుతున్నప్పుడు నాకు తెలిసింది.

మూడవది అంగుళం వెడల్పు నైలాన్ పట్టీ. చూపుకు ఎంతో గట్టిగా ఉండేది, నైలాన్ నిజంగా తెగలేదు కూడా. విరిగింది దాని కొక్కెం. కాలువకు నీళ్లు వదిలిన రోజుల్లో, గట్టు మీద పిల్లి కనబడి చిట్టి ఒక్క ఊపున వెళ్లినప్పుడు, తళతళలాడే ఆ కొక్కెం నడిమికి పుటుక్కున విరిగిపోయింది. చిట్టి నీళ్లలోకి దిగలేదు, రోడ్డు మీదకూ పోలేదు, పిల్లి చెట్టెక్కడంతో అక్కడే ఆగింది. అది మా అదృష్టం. ఇంటికి వచ్చి విరిగిన ముక్కను చూస్తే పైన బంగారు రంగు పూత, లోపల బూడిద రంగులో గరుకైన పోత లోహం. ఇది జింకు మిశ్రమం. అచ్చులో పోసి చవకగా చేసే ఈ కొక్కేలు ఇనుములా ముందు వంగి హెచ్చరించవు, ఒకేసారి విరుగుతాయి. కుక్క నిలకడగా లాగేటప్పుడు పడే బరువు ఒకటి, నాలుగడుగులు పరుగెత్తి తాడు చివర ఆగినప్పుడు పడే కుదుపు మరొకటి. రెండవది కుక్క బరువును మించిపోతుంది, దానిని మొదట భరించవలసింది కొక్కెమే.

విరిగిన ఆ కొక్కేన్ని జేబులో వేసుకునే వన్‌టౌన్ దుకాణానికి వెళ్లాను. పశువుల పలుపులు, పగ్గాలు అక్కడ ఇప్పటికీ అమ్ముతారని మా పక్కింటివారు చెప్పారు. యజమాని ముక్కను చేతిలోకి తీసుకుని చూసి, "పట్టుకునేది ఎవరండీ?" అని అడిగారు. కుక్క ఏ జాతి అని గాని, ఎన్ని కిలోలు అని గాని అడగలేదు. మా అమ్మ అని చెప్పగానే, అంగుళం నవారు పక్కన పెట్టి ముప్పాతిక అంగుళం నవారు తీశారు. "అమ్మగారి పిడికిలి పూర్తిగా మూసుకోవాలండీ, మూసుకోని పిడికిలికి బలం ఉండదు" అన్నారు. నవారు మంచం మీద పడుకున్నవారికి నూలు నవారు గుణం చెప్పనక్కరలేదు, అది వాడిన కొద్దీ మెత్తబడుతుంది గాని జారదు. మే నెలలో మన ఊరి ఎండకు తెల్లవారుజామున కూడా అరచేతులు చెమర్చుతాయి. ఆ చెమటకు నైలాన్ జారుతుంది, జారుతూ చేతిని కాలుస్తుంది. నూలు మాత్రం చెమటను పీల్చుకుని పట్టు నిలుపుతుంది. ఈ పట్టీని మెచ్చుకోవడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

కొక్కెం విషయంలో ఆయన నేర్పిన పరీక్ష అందరికీ ఉపయోగపడుతుంది. అయస్కాంతం పెడితే ఇనుము అంటుకుంటుంది, ఇత్తడి అంటుకోదు, కానీ జింకు కూడా అంటుకోదు కనుక అక్కడితో సంతృప్తి పడకూడదు. కొక్కెం లోపలి వంపులో, బయటికి కనబడని చోట ఆకురాయితో చిన్న గీత గీయిస్తే, ఇత్తడి అయితే లోపలా పసుపుగానే ఉంటుంది, పూత అయితే బూడిద రంగు బయటపడుతుంది. మా పట్టీకి వేసిన ఇత్తడి కొక్కేనికి మొదలు దగ్గర తిరిగే కీలు ఉంది, కుక్క ఎన్ని చుట్లు తిరిగినా నవారు మెలిపడదు. వాన తగిలితే ఇత్తడికి చిలుము పడుతుంది, చింతపండుతో తోమితే పోతుంది. లోపలి స్ప్రింగు మాత్రం ఉక్కుదే కనుక నెలకొకసారి కుట్టు మిషను నూనె ఒక చుక్క వేస్తున్నాను.

ఈ నూనె చుక్క సంగతి చాదస్తంగా తోచవచ్చు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పుడు, అక్కడ ఉండే మా పిన్ని వాళ్ల కుక్క వరండాలో గొలుసుతో కట్టి ఉంది. నీళ్లు మోకాళ్ల దాకా వచ్చేసరికి బాబాయి విప్పబోతే, ఏళ్ల తరబడి తుప్పుపట్టిన కొక్కెం మీట కదలలేదు. చివరకు మెడపట్టీని కత్తిపీటతో కోసి దానిని మేడ మీదికి ఎత్తుకుపోయారు. అప్పటినుంచి ఏ కొక్కేన్నైనా చీకట్లో, తడి చేత్తో, ఒక్క చేత్తోనే విప్పి చూసిన తరువాతే నమ్ముతున్నాను. ఈ ఇత్తడి కొక్కెం ఆ పరీక్షకు నిలిచింది.

కుట్టు గురించి కూడా చెప్పాలి. కొక్కెం దగ్గరా, చేతి మడత దగ్గరా నవారును వెనక్కు మడిచి, పెట్టె ఆకారంలో చుట్టూ కుట్టి, మధ్యలో మూల నుంచి మూలకు ఇంటూ గుర్తులా మళ్లీ కుట్టారు. ఒకే వరుస కుట్టున్న పట్టీలో ఒక పోగు తెగితే వరుసంతా విడిపోతుంది. ఇలా కుట్టిన దానిలో ఒకవైపు పోగులు తెగినా మిగిలినవి పట్టి ఉంచుతాయి. పదకొండు నెలల్లో కొక్కెం దగ్గర రెండు పోగులు పైకి లేచాయి, అంతే.

పట్టీ ఎంత మంచిదైనా పట్టుకునే తీరు తెలియకపోతే అది చేతికి ప్రమాదమే. మణికట్టుకు రెండు మూడు చుట్లు చుట్టుకుని నడిచేవారిని రోజూ గట్టు మీద చూస్తుంటాను, చెప్పగలిగినవారికి చెబుతుంటాను. కుక్క హఠాత్తుగా లాగితే ఆ చుట్టు బిగుసుకుని మనిషిని పడేస్తుంది, వదులుదామన్నా వదలనివ్వదు. మేము బొటనవేలు మాత్రం మడతలోకి దూర్చి, మిగిలిన మడతను అరచేతిలోకి తెచ్చి పిడికిలి మూస్తాం. రెండో చేయి పట్టీ నడుమ వదులుగా ఉంటుంది. నడిచేటప్పుడు పట్టీ కుక్క మెడ నుంచి ఉయ్యాల తాడులా కిందికి వేలాడుతూ ఉండాలి, బిగుసుకున్న మరుక్షణం మేము ఆగిపోతాం, అది వెనక్కు చూసి తాడు వదులైన తరువాతే అడుగు వేస్తాం. ఆరడుగుల పొడవు ఈ పద్ధతికి సరిగ్గా సరిపోయింది. నాలుగడుగులదైతే వదులే మిగలదు, అంతకు మించితే కుదుపుకు ముందు పరుగెత్తే చోటు పెరుగుతుంది. రోడ్డు మీద కుక్కను గోడ వైపు ఉంచి, బండ్ల వైపు మనం నడవాలి.

వీధికుక్కల ఎదుట ఈ వదులు మరీ ముఖ్యం. పట్టీ బిగించి వెనక్కు గుంజితే మన కుక్క మెడ పైకి లేచి, ముందుకాళ్లు గాలిలోకి వచ్చి, ఎదుటి కుక్కకు అది మీదికి దూకబోతున్నట్లు కనిపిస్తుంది. కదలలేని భయంతో మనదీ మొరుగుతుంది. కోడిమాంసం కొట్టు మలుపు పదిహేను గజాల దూరంలో ఉండగానే అమ్మ ఇప్పుడు రోడ్డు దాటి, అర్ధచంద్రాకారంగా తిరిగి పోతోంది. పట్టీ ఆ పాటి మలుపును కుక్క మెడకు నొప్పి తగలకుండా తెలియజేస్తోంది. రేబిస్ టీకా ఏటా వేయించడం వేరే చెప్పవలసిన మాట కాదు.

లోపాలు లేవని అనను. నూలు నీళ్లు పీలుస్తుంది. ఆగస్టు వానల్లో తడిసిన పట్టీ రెండింతల బరువెక్కి, నీడలో ఆరడానికి ఒకటిన్నర రోజు తీసుకుంది, ఆరకముందే చుట్టి పెట్టినందుకు ముక్క వాసన పట్టింది. వానాకాలానికి రెండో పట్టీ ఉండవలసిందే. తెల్ల నవారు కావడం వల్ల గట్టు మట్టి మరక వదలదు, రంగు నవారు అక్కడ దొరకదు. రాత్రి పూట మెరిసే పోగు లేకపోవడం నిజమైన కొరత, అమ్మ నడిచే వేళకు చీకటి పడుతుంది కనుక చిట్టి మెడపట్టీకి విడిగా మెరిసే పట్టీ ఒకటి కట్టాను. పళ్లు వచ్చే వయసు పిల్లకుక్కలు నూలును ఒక్క మధ్యాహ్నంలో నమిలేస్తాయి, వాటికి ఇది ఇవ్వవద్దు. పగ్ వంటి చప్పిడి ముక్కు కుక్కలకు మెడ మీద ఏ పట్టీ లాగినా ఊపిరి కష్టమవుతుంది, వాటికి రొమ్ము చుట్టూ వచ్చే హార్నెస్ వేసి దానికి ఈ కొక్కెం తగిలించుకోవచ్చు. ముందుకాళ్ల చంకల్లో ఒరుసుకోకుండా వారానికొకసారి చూసుకోవాలి. మెడపట్టీ వాడితే దానికీ మెడకూ మధ్య రెండు వేళ్లు సులువుగా దూరాలి, మూడు దూరితే కుక్క తల వెనక్కు లాక్కుని బయటపడుతుంది.

పట్టీ కుట్టడానికి దుకాణంవారు ఒక పూట తీసుకుంటారు, పొద్దున చెప్పి సాయంత్రం తెచ్చుకోవాలి. వెళ్లేటప్పుడు కుక్క మెడపట్టీని వెంట తీసుకువెళ్తే కొక్కెం దాని కడియంలో తేలికగా తిరుగుతోందో లేదో అక్కడే చూసుకోవచ్చు. ఇంట్లో కుక్కను నడిపించే వారిలో ఎవరి చెయ్యి చిన్నదో వారిని కూడా తీసుకువెళ్లి నవారు పట్టించి చూడండి.