రాతిగోడా, మునిగిన కట్టా: శ్రీకాకుళం తీరానికి ఏది మేలు?

ఒడ్డు కోసుకుపోతోందంటే చాలు, ముందు వినిపించే మాట ‘బండరాళ్లు వేయించండి’ అని. రాళ్లు వేస్తే ఇళ్లు కొన్నాళ్లు నిలుస్తాయి, కాదనను. బీచ్ మాత్రం నిలవదు. కెరటం గోడకు కొట్టి వెనక్కి మళ్లుతూ అడుగున ఉన్న ఇసుకను తోడుకుపోతుంది. రాళ్లు కుంగుతాయి, మళ్లీ లారీలు రావాలి. కాకినాడ దగ్గర ఉప్పాడలో ఈ తంతు చూస్తూనే ఉన్నాం. పైగా మన మత్స్యకారులకు ఒడ్డే హార్బర్. తెప్ప పైకి లాగాలన్నా, అలివి వల గుంజాలన్నా, చేపలు ఎండబెట్టాలన్నా ఇసుక ఉండాలి. గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లే తాబేలు రాళ్లగుట్ట ఎక్కలేదు కదా!

మునిగిన కట్ట, అంటే నీటిమట్టానికి కాస్త కిందుండే బ్రేక్‌వాటర్, ఒడ్డుకు దూరంగా కడతారు. పెద్ద కెరటం దాని మీదే విరిగి నీరసపడి వస్తుంది, చిన్నది దాటిపోతుంది. పుదుచ్చేరిలో 2018లో ఇలాంటిది కట్టాక, రాళ్లే మిగిలిన చోట మళ్లీ బీచ్ కనిపించింది. అయితే అక్కడ హార్బర్‌లో తవ్విన ఇసుక కూడా పోశారు. ఆ సంగతి చాలామంది చెప్పరు.

అన్నిచోట్లా ఇలా జరగదు. ఫ్లోరిడాలోని పామ్ బీచ్‌లో 1990ల మొదట్లో కాంక్రీటు దిమ్మెలతో వేసిన మునిగిన కట్ట వెనుక కోత ఇంకా పెరిగింది. 1995లో తీసేశారు. కట్ట దాటి లోపలికొచ్చిన నీరు అదే దారిన బయటికి పోలేక, ఒడ్డు వెంబడి ప్రవాహమై ఇసుకను ఈడ్చుకుపోయింది. కట్ట ఒడ్డుకు మరీ దగ్గరగా ఉంటే ఈ బెడద ఎక్కువ.

తుఫాను మాటేమిటి? 2018లో తిత్లీ లాంటిది వచ్చి ఉప్పెన పోటెత్తితే, కట్ట మీద నీళ్లు ఇంకా లోతవుతాయి, కెరటాలు ఆగకుండా దాటేస్తాయి. ఆ రాత్రి పల్లెకు అడ్డు నిలిచేది ఇసుక దిబ్బలూ, మొగలి పొదలూ, సరుగుడు తోటలే.

మన దగ్గర ఇసుక నైరుతి గాలులప్పుడు ఉత్తరానికి, ఈశాన్యం గాలులప్పుడు దక్షిణానికి నడుస్తుంది. మొత్తం మీద ఉత్తరానికే ఎక్కువ. అందుకే పోర్టు గోడ ఇసుకకు అడ్డుపడి కోత వస్తుంటే, రెండూ దండగే. విశాఖలో హార్బర్ దగ్గర చేరిన ఇసుకను తోడి ఆర్.కె. బీచ్ వైపు పోసినట్టు, దక్షిణాన ఆగిన ఇసుకను ఉత్తరానికి పంపడమే మేలు. ఇళ్ల గోడల దాకా సముద్రం వచ్చేసిన చోట రాళ్లు, అదీ ఆ ముక్క వరకే. బీచ్ ఇంకా మిగిలి ఉన్న పల్లెలో అయితే నా ఓటు మునిగిన కట్టకే, తగినంత దూరంలో, ఇసుక కూడా పోస్తే.

ఆ కట్టకు బోట్లు వచ్చిపోయే ఖాళీలు ఎక్కడ వదలాలో డ్రాయింగ్ గీయకముందే మత్స్యకారులను అడగాలి. పోటు తగ్గి నీళ్లు దిగినప్పుడు దాని మీదుగా వెళ్లే ఫైబర్ బోటు ఇంజను ఫ్యాను విరుగుతుంది. రాత్రిపూట కనిపించేలా లైటున్న బోయాలు, అంటే నీటి మీద తేలే గుర్తులు, పెట్టాల్సిందే.