మెరియం-వెబ్‌స్టర్ ఇంగ్లిష్ డిక్షనరీ సైట్‌కి నేను పెట్టిన పరీక్ష: 'బోల్'

ఫారెస్ట్ బీట్ ఆఫీసర్ పరీక్షకు చదివే పిల్లలకు నేను పాఠాలు చెబుతుంటాను. నోట్సులో 'క్లియర్ బోల్' అని కనబడగానే ఎవరో ఒకరు "గిన్నెకీ అడవికీ ఏంటి సార్ సంబంధం?" అంటారు. ఇంగ్లిష్‌లో గిన్నె అనే bowl, ఈ bole పలకడం రెండూ ఒకటే మరి. ఇది చెట్టు మాను. క్లియర్ బోల్ అంటే నేల నుంచి మొదటి కొమ్మ దాకా ఉన్న భాగం. కలప విలువంతా దాదాపు అక్కడే. మన దేశంలో దాని చుట్టుకొలత 1.37 మీటర్ల ఎత్తులో తీస్తారు.

ఏ డిక్షనరీని చూడమనాలన్నా ముందు ఈ మాట వేసి చూస్తాను. మెరియం-వెబ్‌స్టర్ ఇందులో బాగా నెగ్గింది. 'బోల్'ని రెండు వేరు పదాలుగా విడగొట్టింది. మాను అనే బోల్ పాత నార్స్ (స్కాండినేవియా వాళ్ల పాత భాష) లోని 'బోల్ర్' నుంచి వచ్చింది. రెండోది ఇనుము వల్ల ఎర్రబడిన మెత్తటి మట్టి. దాని మూలం మట్టిగడ్డ అనే అర్థమున్న గ్రీకు 'బోలోస్'. ఐరోపాలో చెక్క ఫ్రేములకు బంగారు రేకు అంటించే పనివాళ్లు ముందు ఈ మట్టిని జిగురుతో కలిపి పూస్తారు, రేకు అంటాక అగేట్ రాయితో రుద్ది మెరుగు పెడతారు. ఆర్మేనియా నుంచి వచ్చే ఈ రకం మట్టికి ఒకప్పుడు మందుగా కూడా గిరాకీ ఉండేది. ఆసుపత్రిలో నర్సులు అనే 'బోలస్' కూడా ఈ గ్రీకు ఇంటిదే. అప్పట్లో మందు ఉండ, ఇప్పుడు ఒకేసారి ఎక్కించే డోసు.

లోటు ఎక్కడంటే, మాను అర్థాన్ని 'ట్రంక్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. అడవి లెక్కలకు అది చాలదు. ఉచితం కాబట్టి ప్రకటనలు ఎలాగూ ఉంటాయి. పదాల పుట్టుక ఇంకా లోతుగా కావాలంటే ఎటిమాన్‌లైన్ చూడండి. ఇంగ్లిష్ 'బ్యాండికూట్' మన పందికొక్కు నుంచి వెళ్లిందని అందులో చక్కగా రాశారు.

మన 'బోదె' కూడా చెట్టు మానుకూ వాడతాం, మిరప తోటలో ఎగదోసిన మట్టికీ వాడతాం. ఒక కుర్రాడు వెంటనే బోల్‌తో చుట్టరికం కలిపేశాడు. "ధ్వని కలిస్తే చాలదురా, దారి కూడా చూపించాలి" అన్నాను. బోదె కోసం మాత్రం ఈ సైట్‌కి వెళ్లి లాభం లేదు, తెలుగు నిఘంటువులే తిరగేయాలి.

అయిదుకు నాలుగు మార్కులు.