నావిడ్రోమ్: సర్వర్ తేలికే, ట్యాగుల దగ్గరే ఉంది తిప్పలంతా

హార్డ్ డిస్కులో ఏళ్ల తరబడి పోగుపడిన ఎంపీ3లను ఇంట్లో అందరి ఫోన్లలోనూ వినాలనుకునేవారికి ఉచితంగా దొరికే మంచి సర్వర్ నావిడ్రోమ్. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ మీద హాయిగా నడుస్తుంది. డాకర్‌లో (ప్రోగ్రాములను విడివిడి పెట్టెల్లో నడిపే సాధనం) ఎక్కించేటప్పుడు పాటల ఫోల్డర్‌ను రీడ్-ఓన్లీగా, అంటే చదవడానికి మాత్రమే ఇవ్వండి. డేటా ఫోల్డర్‌ను మాత్రం ఎస్‌డీ కార్డు మీద కాకుండా ఎస్‌ఎస్‌డీ మీద పెట్టండి. డేటాబేస్ ఉండేది అందులోనే. రాస్తుండగా కరెంటు పోతే కార్డు పాడయ్యే ప్రమాదం ఎక్కువ. బ్రౌజర్‌లో 4533 పోర్టు తెరిచి అడ్మిన్ ఖాతా పెట్టుకుంటే సర్వర్ సిద్ధం.

అసలు పని ఆ తర్వాతే. ఫోల్డర్లు ఎంత పొందికగా సర్దినా నావిడ్రోమ్ పట్టించుకోదు, ట్యాగులనే (పాట ఫైలులోపల రాసి ఉండే పేరు, గాయకుడు, ఆల్బమ్ వంటి వివరాలు) నమ్ముతుంది. సినిమా పాటల్లో ఒక్కో పాటకు ఒక్కో గాయకుడు కాబట్టి, ఆల్బమ్ ఆర్టిస్ట్ ఖాళీగా ఉంటే ఒక్క సినిమా నాలుగైదు ఆల్బమ్‌లుగా చీలిపోతుంది. ట్యాగులు దిద్దే ఎంపీ3ట్యాగ్ ప్రోగ్రాములో ఆ సినిమా పాటలన్నీ ఎంచుకుని, ఆల్బమ్ ఆర్టిస్ట్ దగ్గర సంగీత దర్శకుడి పేరు రాయండి. 'వేరియస్ ఆర్టిస్ట్స్' అని రాసినా చీలికలు కలుస్తాయి గానీ, కలవకూడనివీ కలుస్తాయి: విడుదల తేదీ ట్యాగు లేకపోతే 1953 నాటి 'దేవదాసు', 2006 నాటి 'దేవదాసు' ఒకే ఆల్బమ్ అయి కూర్చుంటాయి. ఒకదానికి సి.ఆర్. సుబ్బరామన్, రెండోదానికి చక్రి అని ఉంటే ఆ గొడవే లేదు.

యుగళగీతాల్లో గాయకుల పేర్ల మధ్య కామా ఉంటే ఆ జంటనే ఒక గాయకుడిగా లెక్కేస్తుంది. కామా తీసేసి సెమీకోలన్, దాని తర్వాత ఒక ఖాళీ పెడితే ఇద్దరినీ విడదీస్తుంది. ఆల్బమ్ పేరు చివర డౌన్‌లోడ్ సైట్లు తగిలించే వెబ్ అడ్రసులనూ ఈ పనిలోనే ఏరిపారేయండి.

పాట పేరు తెలుగు లిపిలో ఉంచి, టైటిల్ సార్ట్ ట్యాగులో ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఏ లిపిలో వెతికినా దొరుకుతుంది. చాలామంది వాడరు గానీ, తెలుగువాళ్లకు ఇంతకంటే పనికొచ్చే ట్యాగు లేదు. ఐడీ3వీ1 అనే పాత రకం ట్యాగులో మాత్రం తెలుగు నిలవదు, ప్రశ్నార్థకాలే మిగులుతాయి. ఎంపీ3ట్యాగ్ సెట్టింగుల్లో ఐడీ3వీ2.3, యూటీఎఫ్-16 ఎంచుకోండి.

దీనికి సొంత ఫోన్ యాప్ లేదు. సబ్‌సోనిక్ అనే మ్యూజిక్ సర్వర్ పద్ధతిలో పనిచేసే ఏ యాపైనా సరిపోతుంది: ఆండ్రాయిడ్‌లో సింఫోనియం (డబ్బు కట్టాలి, కట్టదగ్గదే) లేదా ఉచితంగా దొరికే అల్ట్రాసోనిక్, ఐఫోన్‌లో ఆంపర్‌ఫీ. 320 కేబీపీఎస్ పాట అయిదు నిమిషాలకు 12 ఎంబీ తింటుంది. మొబైల్ డేటా మీద 128 కేబీపీఎస్ ఓపస్‌కు (తక్కువ సైజులో పాటను కుదించే ఫార్మాట్) మార్చి పంపమంటే అయిదు ఎంబీ లోపే సరిపోతుంది.

బయట నుంచి వినడానికి రౌటర్‌లో పోర్టు తెరవకండి. చాలా ఫైబర్ కనెక్షన్లకు సొంత పబ్లిక్ ఐపీ (బయట నుంచి చేరుకోగలిగే ఇంటర్నెట్ అడ్రసు) ఉండదు కాబట్టి తెరిచినా పనిచేయకపోవచ్చు. రాస్ప్‌బెర్రీ పై మీదా ఫోన్లోనూ టెయిల్‌స్కేల్ (మీ పరికరాలను ఒక ప్రైవేట్ నెట్‌వర్క్‌గా కలిపే యాప్) వేసుకోవడం మేలు.

పాటలున్నట్టుండి మాయమైతే కంగారుపడి డేటాబేస్ తుడిచేయకండి, ప్లేలిస్టులూ దాంతోపాటే పోతాయి. కరెంటు పోయి వచ్చాక పాటలున్న యూఎస్‌బీ డిస్కు మౌంట్ అయిందో లేదో, అంటే సిస్టమ్‌కు కనిపిస్తోందో లేదో ముందు చూడండి. కాకపోతే మౌంట్ చేసి, నావిడ్రోమ్‌ను రీస్టార్ట్ చేసి, మళ్లీ స్కాన్ నొక్కండి.