మోడల్ రైలింజన్‌కి ఎల్ఈడీ వేయిస్తున్నారా? బ్యాటరీ టెస్ట్ చూసి డబ్బులిచ్చేయకండి

బెజవాడ, గుంటూరుల్లో మోడల్ రైళ్ల పిచ్చి ఉన్నవాళ్లం వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉంటాం, అందుకే ఇంకొకరు ఇదే దెబ్బ తినకముందే రాస్తున్నా. షాపు పేరు రాయను, అడగొద్దు.

మాది బెజవాడ సత్యనారాయణపురం. ఒకప్పుడు పట్టాలుండి ఇప్పుడు బస్సుల కోసం వేసిన బీఆర్టీఎస్ రోడ్డైపోయిన చోటు, కాబట్టి ఈ పిచ్చి ఎక్కడిదో వేరే చెప్పక్కర్లేదు. నా దగ్గరున్నది హెచ్ఓ స్కేల్, అంటే అసలు రైలులో 87వ వంతు సైజు (1:87), మామూలు 12 వోల్టుల డీసీ కంట్రోలర్. మా అన్నయ్య జర్మనీ నుంచి తెచ్చిన ఆవిరి ఇంజన్‌కి ముందొకటి, వెనక టెండర్‌లో (బొగ్గు, నీళ్లు మోసే పెట్టె) ఒకటి, గోధుమగింజంత బల్బులుండేవి. ఎక్కువసేపు నడిపితే ఆ వేడికి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ రంగు మారుతోందని ఎల్ఈడీలు వేయిద్దామనుకున్నా. ఆ ఆలోచన తప్పు కాదు, ఇప్పటికీ అదే అంటాను. సోల్డరింగ్ నాకు చేతకాదని ఇంజన్ మొత్తం షాపువాడికి అప్పగించేసి ఇంటికొచ్చేశా చూడండి, అదీ నేను చేసిన తప్పు.

నాలుగు రోజుల తర్వాత వెళ్తే 9 వోల్టుల బ్యాటరీ వైర్లు చక్రాలకు తగిలించి రెండు సెకన్లు చూపించాడు. చక్రాలు గిర్రున తిరిగాయి, ముందు లైటు భగ్గుమంది. "చూడండి సార్, కారు హెడ్‌లైట్ లాగా లేదూ!" అన్నాడు. నేనూ మురిసిపోయి 1,600 ఇచ్చేశా. బిల్లడిగితే విజిటింగ్ కార్డు వెనక అంకె వేసిచ్చాడు.

ఇంటికొచ్చి పట్టాల మీద పెట్టి స్పీడ్ పూర్తిగా పెంచా. లైటు నీలంగా మారింది. "నాన్నా, ఏదో కాలిన వాసన" అని మా అమ్మాయి అనేలోపే ఆరిపోయింది. బాడీ విప్పితే ముందువైపు రెసిస్టర్ (ఎల్ఈడీకి వెళ్లే కరెంటును తగ్గించేది) మాడి నల్లబడి ఉంది, దానికి ఆనుకున్న ప్లాస్టిక్ మైనంలా కుంగింది. టెండర్‌లోది మాత్రం మాడలేదు, ఎందుకంటే ఇంకా వెనక్కి నడపలేదు. దాని విలువ చెప్పే రంగు గీతలు చదివితే బ్రౌన్, బ్లాక్, బ్రౌన్. అంటే 100 ఓమ్‌లు. ఉండాల్సింది బ్రౌన్, బ్లాక్, రెడ్, అంటే 1000. ఒక్క గీత తేడా! తెల్ల ఎల్ఈడీ 3 వోల్టులు తీసుకుంటే మిగతా 9 రెసిస్టర్ మీద పడతాయి. 1000 ఓమ్‌లైతే 9 మిల్లీయాంప్‌లు పోతాయి, వెలుగుకి అది చాలు. 100 అయితే 90. ఈ చిన్న ఎల్ఈడీలు మామూలుగా 20కి మించి తట్టుకోవు, పావు వాట్ రెసిస్టర్ కూడా ఆ వేడి ఆపలేదు. పైగా కరెంటును ఒకే వైపు పోనిచ్చే డయోడ్ ఒక్కటి కూడా వేయలేదు. డీసీలో ఇంజన్ దిశ మారినప్పుడల్లా ఎల్ఈడీకి వోల్టేజీ తిరగబడుతుంది, చాలా ఎల్ఈడీలకు రివర్స్‌లో 5 వోల్టులే హద్దు.

ఇవన్నీ ఒక ఎత్తు, అద్దం సంగతి ఒక ఎత్తు. ఎల్ఈడీని సూపర్ గ్లూతో అతికించాడు, దాని ఆవిరి హెడ్‌లైటు లెన్స్ లోపల తెల్లటి పొరలా పట్టేసింది. ఎంత రుద్దినా పోలేదు. చుక్క ఫెవికాల్ పెట్టినా సరిపోయేది, ఎండితే కనపడదు కూడా. పసుపు ఛాయ ఉండే వార్మ్ వైట్ వేయమని రెండుసార్లు చెప్పి వచ్చా, వేసింది కూల్ వైట్. ఆవిరి ఇంజన్‌కి ట్యూబ్‌లైట్ వెలుగేంటండీ బాబూ!

మళ్లీ తీసుకెళ్తే "మీ కంట్రోలర్‌లోనే వోల్టేజీ ఎక్కువొస్తోంది సార్" అన్నాడు. మల్టీమీటర్ పెట్టి చూశా, 12.3. అది చెప్తే మళ్లీ చేయడానికి ఇంకో 900 అవుతుందన్నాడు, నమస్కారం పెట్టి వచ్చేశా.

మీరెవరైనా ఇస్తే బాడీ మూయకముందే వెళ్లి రెసిస్టర్ గీతలు కళ్లారా చూడండి. మీ కంట్రోలరే తీసుకెళ్లి ఫుల్ స్పీడులో ముందుకీ వెనక్కీ చెరో పది నిమిషాలు నడిపించి, ఇంజన్ ముక్కు దగ్గర చెయ్యిపెట్టి వేడెక్కుతుందో లేదో చూశాకే జేబులో చెయ్యి పెట్టండి. డీసీసీ (పట్టాల ద్వారా డిజిటల్ సిగ్నల్‌తో ఇంజన్ నడిపే పద్ధతి) వాళ్లు ఇంకా జాగ్రత్త, నీలం వైరు కామన్ పాజిటివ్, తెలుపు ముందు లైటుకి, పసుపు వెనక లైటుకి. అక్కడ తప్పు చేస్తే ఇంజన్‌లో ఆ సిగ్నల్ అందుకునే డీకోడరే పోవచ్చు.

టెండర్‌లో రెసిస్టర్ నేనే మార్చా, వేలు ఒకసారి కాల్చుకుని. అది వెలుగుతోంది. ముందు లెన్స్ ఒక్కటే దొరకడం లేదు, పాడైన ఇంజన్‌లోదైనా ఎవరి దగ్గరైనా ఉంటే చెప్పండి, గుంటూరైనా వచ్చి తీసుకుంటా.