ఫాక్స్‌టెయిల్ ఆర్కిడ్: చెక్కకు కట్టాలా, బుట్టలో వేలాడదీయాలా, కుండీలో పెట్టాలా?

ఫాక్స్‌టెయిల్ ఆర్కిడ్ (శాస్త్రీయ నామం రింకోస్టైలిస్ రెట్యూసా) చెట్టుకొమ్మల మీద బతికే మొక్క. లావాటి వేళ్ల మీద వెలామెన్ అనే స్పాంజిలాంటి పొర ఉంటుంది. తడిస్తే నిమిషాల్లో పచ్చబడుతుంది, ఆరితే తెల్లబడుతుంది. ఆ రంగు రోజూ మారుతూ ఉండాలి. ఏది మేలో తేల్చేది అదే.

ముందు కుండీ సంగతి. అందులో నింపిన బెరడు ముక్కలు మెత్తబడి అడుగున గాలి ఆడదు, వేళ్లు కుళ్లుతాయి. నీళ్లు పీల్చే వేరు లేక ఆకులు ముడతలు పడతాయి. దాహమేమో అనుకుని ఇంకా పోస్తారు, దాంతో మొక్క పని అయిపోతుంది! పైగా పూల గెల కిందికి వేలాడుతుంది, కుండీ నేల మీద ఉంటే దానికి చోటేదీ?

చెక్కకు కడితే మొక్క అడవిలో ఉన్నట్టే ఉంటుంది. ఏటవాలుగా కడితే మొవ్వులో నీరు నిలవదు. ఇది ముఖ్యం, ఎందుకంటే ఈ మొక్కకు పెరిగే మొన ఒక్కటే. అది కుళ్లితే అడుగునుంచి పిలక వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. గరుకు బెరడున్న గట్టి చెక్క తీసుకుని నూలుతాడుతో కట్టండి. రాగి తీగ వద్దు, రాగి వేళ్లకు విషం. ఇబ్బందల్లా నీళ్లే: ఎండాకాలంలో రోజూ, గాలి పొడిగా ఉంటే రెండుపూటలా తడపాలి. ఒక్క వారం ఊరెళ్తే మొక్క వాడిపోతుంది.

అందుకే ఎక్కువమందికి నా ఓటు చెక్క బుట్టకే. 15 నుంచి 20 సెంటీమీటర్ల బుట్టలో 3–5 సెంటీమీటర్ల కట్టెబొగ్గు ముక్కలు నాలుగైదు వేస్తే చాలు, నింపొద్దు. ఉదయం వేళ్లు పచ్చబడేదాకా తడపండి, సాయంత్రానికి ఆరిపోవాలి. వారానికోసారి లీటరు నీటికి అర గ్రాము 20-20-20 (నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉన్న) ఎరువు, అదీ ముందు మామూలు నీళ్లతో తడిపాకే. ఆకులు లేతపచ్చగా ఉంటే వెలుతురు సరిపోయినట్టు. ముదురుపచ్చగా నిగనిగలాడుతుంటే చూడ్డానికి బాగుంటుంది గానీ పూలు రావు.

బుట్ట పాడైతే మొక్కను పీకకండి. అంటుకున్న వేళ్లు తెగిపోతాయి, ఆ ఏడు పూత ఉండదు. పాత బుట్టనే పెద్దదానిలో పెట్టేయండి. కుండీ నుంచి మార్చేవాళ్లు మాత్రం కొత్త వేళ్ల కొసలు పచ్చగా తొంగిచూసేదాకా ఆగండి. మెత్తబడిన వేళ్లను కోసేసి, కోతలు ఆరాక రెండు రోజులకు నీళ్లు పట్టండి.